నూనె పట్టించిన ఎయిర్ ఫిల్టరా, పేపర్ ఫిల్టరా? మన దుబ్బ రోడ్లకు, మన బండి సెన్సార్‌కు ఏది మంచిది

హనుమకొండలో ఏ కారు యాక్సెసరీస్ షాపుకు పోయినా ఎర్రటి కాటన్ ఎయిర్ ఫిల్టర్ ఒకటి చేతిలో పెట్టి చెప్తారు: ఒక్కసారి కొంటే బండి ఉన్నన్నాళ్లూ కడుక్కొని వాడుకోవచ్చు, పికప్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది. అదే ఫిల్టర్ తీసుకొని షెడ్డుకు పోతే మెకానిక్ అడ్డం తలూపుతాడు. "దాని నూనె పోయి సెన్సార్ మీద పడ్తది అన్నా, వద్దు" అంటాడు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఎవరి మాట మీ బండికి వర్తిస్తుందో తేల్చుకోవడానికే ఈ వివరం రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్తాను. నూనె ఫిల్టర్ వల్ల ఎయిర్ ఫ్లో సెన్సార్ పాడయ్యే అవకాశం నిజంగానే ఉంది. అయితే ఆ ముప్పు కంపెనీ డబ్బాలోంచి తీసి బిగించిన కొత్త ఫిల్టర్‌తో తక్కువ, కడిగి మళ్లీ నూనె పట్టించిన తర్వాత ఎక్కువ. ఇక వరంగల్ నుంచి భూపాలపల్లి, కరీంనగర్, మంచిర్యాల వైపు తిరిగే బండికి నూనె కంటే పెద్ద సమస్య ఇంకోటి ఉంది, అది ఫిల్టర్ ఆపలేక లోపలికి వదిలేసే దుమ్ము. అందుకే రోజూ తిరిగే బండికి మంచి కంపెనీ పేపర్ ఫిల్టరే వేయించుకోమంటాను. కారణాలు కింద ఉన్నాయి. చదివాక మీ బండి సంగతి వేరనిపిస్తే వేరే నిర్ణయం తీసుకోవడంలో తప్పేమీ లేదు.

ఆ సెన్సార్ చేసే పని

లీటరు పెట్రోల్ సరిగ్గా మండాలంటే దాదాపు పదకొండు కిలోల గాలి కావాలి. అంటే తొమ్మిది వేల లీటర్ల పైమాటే. ఎంత గాలి వస్తుందో తెలియకుండా ఎంత పెట్రోల్ వదలాలో ఇంజన్ కంప్యూటర్‌కు తెలియదు. ఆ లెక్క చెప్పడానికి చాలా బండ్లలో ఫిల్టర్ డబ్బా దాటగానే, పైపు మీద మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉంటుంది. షెడ్డుల్లో మాఫ్ సెన్సార్ అంటారు.

దాని లోపల సన్నటి తీగ గానీ, పలుచటి రేకులాంటి పొర గానీ ఉంటుంది. కరెంటుతో దాన్ని వచ్చే గాలి కంటే వంద డిగ్రీలకు పైగా ఎక్కువ వేడిలో ఉంచుతారు. చాయ్‌ని ఊదితే చల్లారినట్టు, దాని మీదుగా పోయే గాలి వేడిని లాక్కుపోతుంది. గాలి ఎంత ఎక్కువ పోతే వేడి నిలబెట్టడానికి అంత ఎక్కువ కరెంటు కావాలి. ఆ కరెంటును చూసి కంప్యూటర్ సెకనుకు ఎన్ని గ్రాముల గాలి పోతోందో లెక్క కడుతుంది.

ఇప్పుడు ఆ పొర మీద నూనె తుంపర పడిందనుకోండి. నూనె ఒక్కటే అయితే నష్టం కొంతే. కానీ దాని మీద సన్నటి దుమ్ము అంటుకుంటుంది, వేడికి ఎండి పెచ్చులా గట్టిపడుతుంది. ఆ పెచ్చు వేడిని బయటికి పోనివ్వదు. గాలి బాగానే వస్తున్నా సెన్సార్ తక్కువ వస్తోందని చెప్తుంది. పెట్రోల్ బండిలో కంప్యూటర్ ఆ లెక్కతో పెట్రోల్ తగ్గించి వదులుతుంది. సైలెన్సర్ వైపు ఉన్న ఆక్సిజన్ సెన్సార్ ఆ తేడా పట్టుకొని, ఇంకా పెట్రోల్ కావాలని సరిచేస్తుంది. అందుకే చాలా రోజులు డ్రైవర్‌కు ఏమీ తెలియదు. సరిచేసే హద్దు దాటాక చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. స్కానర్ (ఇంజన్ కంప్యూటర్‌లోని తప్పులు చదివే పరికరం) పెడితే పి0171 అనో, పి0101 అనో కోడ్ వస్తుంది. మొదటిదానికి అర్థం గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైందని. రెండోది నేరుగా ఈ సెన్సార్ రీడింగ్ సరిగ్గా లేదని చెప్పేది.

డీజిల్ బండిలో కథ వేరుగా నడుస్తుంది. అక్కడ ఈ సెన్సార్ రీడింగ్‌తోనే ఈజీఆర్ వాల్వ్ (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది) ఎంత తెరవాలో, పొగ రాకుండా ఎంత డీజిల్ వరకు వదలొచ్చో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. గాలి తక్కువ ఉందని తప్పు లెక్క వస్తే డీజిల్ కోత పెడుతుంది. లోడు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు బండి లాగదు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్6 డీజిళ్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని ఆపే ఫిల్టర్) కూడా తోడైంది. అందులో ఎంత మసి పేరుకుందో అంచనా వేయడానికీ గాలి లెక్క కావాలి. ఆ లెక్క తప్పితే దాని వెనకాల వచ్చే ఖర్చు చిన్నది కాదు.

పాత బాష్ హాట్‌వైర్ సెన్సార్లలో ఒక మంచి ఏర్పాటు ఉండేది. ఇంజన్ ఆపాక ఆ తీగ ఒక్క క్షణం దాదాపు వెయ్యి డిగ్రీల దాకా ఎర్రగా కాలి, పట్టిన మురికిని కాల్చేసుకునేది. ఇప్పటి పలుచటి పొర సెన్సార్లకు ఆ సౌకర్యం లేదు. పట్టింది పట్టినట్టే ఉంటుంది.

ముందు మీ బండిలో ఆ సెన్సార్ ఉందా?

చాలామంది ఈ ప్రశ్న వదిలేసి వాదనలోకి దిగుతారు. అన్ని బండ్లకూ మాఫ్ సెన్సార్ ఉండదు. మారుతి కె సిరీస్ లాంటి చిన్న పెట్రోల్ ఇంజన్లు చాలావాటిలో మ్యాప్ సెన్సార్ ఉంటుంది. అది ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్ సిలిండర్లకు గాలి పంచే గొట్టం) మీద కూర్చొని లోపలి ఒత్తిడిని కొలుస్తుంది, దాన్నిబట్టి కంప్యూటర్ గాలిని లెక్కగడుతుంది. గాలి దారిలో కాలుతున్న తీగ ఉండదు. దాని మీదికి ఫిల్టర్ నూనె చేరి లెక్క తప్పించడం చాలా అరుదు. అలాంటి బండికి షెడ్డులో చెప్పే సెన్సార్ భయం దాదాపు వర్తించదు.

టర్బో డీజిల్ కార్లు, ఎస్‌యూవీలు చాలావాటిలో మాఫ్ ఉంటుంది. మీ బండి సంగతి తెలుసుకోవడం తేలికే. బానెట్ ఎత్తి ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజన్ వైపు పోయే పైపు చూడండి. డబ్బా మూతికి ఆనుకొని, నాలుగైదు వైర్ల ప్లగ్గుతో రెండు స్క్రూల మీద బిగించిన నల్లటి ముక్క ఉంటే అదే. అక్కడ ఏమీ లేకుండా, మానిఫోల్డ్ మీద మాత్రమే చిన్న సెన్సార్ ఉంటే అది మ్యాప్. కొన్ని బండ్లలో రెండూ ఉంటాయి. స్కానర్‌లో గాలి గ్రాముల్లో కనబడిందని మాఫ్ ఉందని అనుకోవద్దు, మ్యాప్ బండ్లలో కూడా కంప్యూటర్ లెక్కగట్టి ఆ అంకె చూపించొచ్చు. కంటితో చూసిందే నమ్మండి.

"ట్రాక్టర్‌కు నూనె ఫిల్టరే కదా, దానికేం కాలేదు"

మన వైపు ఈ మాట తప్పకుండా వస్తుంది. అడిగినవాళ్లది తప్పు లేదు. పాత మహీంద్రా, స్వరాజ్ ట్రాక్టర్లలో నూనె గిన్నె ఎయిర్ క్లీనర్ ఉంటుంది. వచ్చిన గాలి గిన్నెలోని నూనెకు తగిలి గిర్రున పైకి తిరుగుతుంది. బరువైన దుమ్ము నూనెలో మునిగిపోతుంది, మిగిలింది నూనెతో తడిసిన జాలీకి అంటుకుంటుంది. దమ్ము చేసే రోజుల్లో, దుక్కి దున్నే రోజుల్లో గిన్నె విప్పి అడుగున పేరుకున్న బురద పారబోసి కొత్త నూనె పోయడం మన రైతులకు చేతి అలవాటు.

కానీ ఆ ట్రాక్టర్ ఇంజన్‌కు మాఫ్ సెన్సార్ లేదు. ఫ్యూయల్ పంపు గాలిని కొలవదు, యాక్సిలరేటర్ ఎంత తిప్పితే అంత డీజిల్ పంపుతుంది. కొంచెం నూనె ఆవిరి గాలితో లోపలికి పోయినా అది కూడా మండిపోతుంది, అంతే. సున్నితమైన వేడి పొర లేని చోట నూనె పెద్ద నష్టం చేయదు. ఇంకో తేడా కూడా చూడండి. రైతు ఆ గిన్నెను సీజన్లో చాలాసార్లు విప్పి చూస్తాడు. కారు ఫిల్టర్ డబ్బా సర్వీసింగ్ రోజున తప్ప ఎవరూ తెరవరు. కొత్త ట్రాక్టర్లు చాలావాటికి ఇప్పుడు పొడి పేపర్ ఫిల్టర్, దాని లోపల ఇంకో సేఫ్టీ ఫిల్టర్ కలిపి ఇస్తున్నారు. దుమ్ములోనే బతికే బండ్లు తయారుచేసేవాళ్లే అటు మళ్లారంటే ఆలోచించాల్సిన విషయమే.

నూనె ఎక్కడి నుంచి వస్తుంది

నూనె కాటన్ ఫిల్టర్ అంటే మన దగ్గర అందరికీ ముందు తోచే పేరు కే అండ్ ఎన్. 1969లో అమెరికాలోని కాలిఫోర్నియా, రివర్‌సైడ్‌లో మొదలైన కంపెనీ. ఇటలీ కంపెనీ బీఎంసీది కూడా ఇదే పద్ధతి. అల్యూమినియం జాలీ మధ్య కాటన్ గుడ్డ పొరలు మడతలుగా పెట్టి, జిగురుగా ఉండే నూనె పట్టిస్తారు. పేపర్ కంటే ఆ గుడ్డలో రంధ్రాలు పెద్దవి, అందుకే గాలి తేలిగ్గా పోతుంది. ఆ పెద్ద రంధ్రాల్లో దుమ్మును పట్టి ఉంచేది నూనె జిగురే. నూనె లేకపోతే ఆ ఫిల్టర్ ఉత్త జాలీ.

మా నూనె సెన్సార్లను పాడు చేయదని కే అండ్ ఎన్ ఏళ్లుగా చెప్తూనే ఉంది. సరైన కొలతలో పట్టించిన నూనె గుడ్డ పోగుల్లో ఇంకిపోయి అక్కడే ఉంటుందన్నది వాళ్ల వాదన. సాంకేతికంగా అది సరైన మాటే. జిగురు నూనె పోగుల్లో పలుచగా పట్టి ఉన్నంతవరకు గాలి దాన్ని లేపుకుపోవడం కష్టం.

చిక్కంతా కడిగిన తర్వాత మొదలవుతుంది. నూనె ఎంత పట్టించాలన్నది చేతి మీద ఆధారపడిన పని. తక్కువైతే దుమ్ము లోపలికి పోతుంది. ఎక్కువైతే గుడ్డ పట్టుకోలేని నూనె మడతల అంచుల్లో బొట్లుగా నిలుస్తుంది, హైవే మీద ఇంజన్ గట్టిగా గాలి పీల్చినప్పుడు ఆ బొట్లే తుంపరగా లేచి ముందుకు పోతాయి. ముందే సెన్సార్ ఉంది. ఇంటి దగ్గరో, వాటర్ సర్వీసింగ్ చేసే చోటో కడిగించి, కిట్‌లోని నూనె అయిపోయిందని ఇంజన్ ఆయిలో టూ స్ట్రోక్ ఆయిలో పట్టించడం ఇంకా ప్రమాదం. వాటికి జిగురు ఉండదు. గుడ్డలో నిలవకుండా కిందికి జారి, గాలితో పోతాయి. సెన్సార్ పాడైందని చెప్పేవాళ్లను అడిగితే చాలాసార్లు బయటపడేది ఈ కథే.

అయితే సెన్సార్ మీద నూనె మరక కనబడగానే నేరం ఫిల్టర్ మీదికి తోసేయొద్దు. పేపర్ ఫిల్టర్ వేసిన బండ్లలోనూ మాఫ్ సెన్సార్లు పాడవుతాయి. ఇంజన్ బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి వదిలేది) అదే గాలి దారిలో కలుస్తుంది, వేడిగా ఉన్న ఇంజన్ ఆపాక దాని నూనె ఆవిరి వెనక్కి పాకి సెన్సార్ దాకా రావొచ్చు. ఫిల్టర్ రబ్బరు అంచు డబ్బాలో సరిగ్గా కూర్చోకపోయినా, క్లిప్పు ఒకటి పెట్టడం మరిచినా, ఎంత మంచి ఫిల్టర్ వేసినా ప్రయోజనం ఉండదు. దుమ్ము పక్క నుంచి దారి చేసుకుంటుంది. రేటు తక్కువని కొన్న నకిలీ పేపర్ ఫిల్టర్లలో అంచు వంకరగా ఉండి ఇదే జరుగుతుంది. డబ్బా లోపల ఫిల్టర్ తర్వాతి గోడ మీద వేలితో రాసి చూడండి. పొడి దుమ్ము అంటితే సీల్ లీకు. ఎర్రటి జిగురు అంటితే ఫిల్టర్ నూనె. నల్లటి పలుచటి జిడ్డు ఇంజన్ వైపు నుంచి వస్తుంటే బ్రీదర్.

మన రోడ్ల దుమ్ము సంగతి

అమెరికా, యూరప్ వాళ్ల అనుభవాలు చదివి ఇక్కడ ఫిల్టర్ కొనడం నాకు నచ్చదు. కే అండ్ ఎన్ తన ఫిల్టర్‌ను మామూలు హైవే వాడకంలో 50,000 మైళ్లకు, అంటే దాదాపు 80,000 కిలోమీటర్లకు ఒకసారి కడిగితే చాలంటుంది. ఆ "మామూలు" మన దగ్గర ఎక్కడుంది?

కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలు, క్రషర్లు. అక్కడ గాలిలో ఎగిరేది రాతి పొడి, అందులో క్వార్ట్జ్ ఉంటుంది, అది మామూలు ఉక్కు కంటే గట్టిది. భూపాలపల్లి, గోదావరిఖని వైపు సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు, బొగ్గు లారీలు, రామగుండం దగ్గర బూడిద లారీలు. మహదేవపూర్, కాళేశ్వరం వైపు గోదావరి ఇసుక మోసే టిప్పర్లు రోడ్డంతా దుబ్బ పోసుకుంటూ పోతాయి. వానకాలం పంటకూ, యాసంగి పంటకూ కోత మిషన్లు పొలంలో దిగిన రోజుల్లో, రోడ్డు మీదే వడ్లు ఆరబోసి తూర్పార పట్టే రోజుల్లో ఊరి రోడ్లన్నీ పొట్టు, దుమ్ము. మేడారం జాతరకు పోయే బండ్ల వరుసలో కొన్ని గంటలు నడిపితే ఫిల్టర్ డబ్బాలో ఎంత చేరుతుందో వచ్చాక తెరిచి చూస్తే తెలుస్తుంది.

ఏనుమాముల మార్కెట్, జిన్నింగ్ మిల్లుల చుట్టూ పత్తి సీజన్లో ఎగిరే దూది పోగులు మాత్రం చూడటానికే భయంగా ఉంటాయి. అవి ఫిల్టర్ పైనే ఆగిపోతాయి, ఇంజన్‌ను అరగదీయవు. గాలి దారి మూసుకుపోకుండా చేత్తో తీసేస్తే సరిపోతుంది. భయపడాల్సింది కంటికి కనబడని రాతి పొడికే.

ఫిల్టర్లను ఐఎస్ఓ 5011 అనే పద్ధతిలో పరీక్షిస్తారు. కొలత ప్రకారం తయారుచేసిన దుమ్మును ఫిల్టర్ మీదికి వదిలి ఎంత ఆపింది, ఎంత వదిలింది, గాలికి ఎంత అడ్డు పడింది అన్నవి తూకం వేసి చూస్తారు. మంచి పేపర్ ఫిల్టర్లు 99 శాతానికి పైగా ఆపుతాయి. నూనె కాటన్ ఫిల్టర్లు సాధారణంగా దానికి ఒకటి రెండు శాతం కింద ఉంటాయి. వినడానికి తేడా ఏముంది అనిపిస్తుంది. ఆపిన దాన్ని కాకుండా వదిలిన దాన్ని లెక్కేయండి. ఒకటి 99.5 శాతం ఆపింది, ఇంకోటి 97.5 శాతం ఆపింది అనుకుందాం. వంద గ్రాముల దుమ్ములో మొదటిది అర గ్రాము లోపలికి వదిలితే, రెండోది రెండున్నర గ్రాములు వదిలింది. ఐదు రెట్లు. శుభ్రమైన ఊళ్లో ఆ వంద గ్రాములు చేరడానికి ఏళ్లు పట్టొచ్చు. క్రషర్ రోడ్డు మీద రోజూ తిరిగే బండికి అంత సమయం పట్టదు. ఆ పొడి దారిలో ముందు సెన్సార్ పొరకు తగులుతుంది, తర్వాత టర్బో రెక్కలకు, తర్వాత పిస్టన్ రింగులకు. సెన్సార్ పోతే మార్చుకోవచ్చు. రింగులు అరిగి ఇంజన్ ఆయిల్ తాగడం మొదలైతే బోరుకు విప్పాల్సిందే.

ఇదే నా అసలు బాధ. నూనె గురించి ఇంత చర్చ జరుగుతుంది గానీ, ఆ ఫిల్టర్ దాటి పోయే దుమ్ము గురించి ఎవరూ అడగరు.

ఒక్కో రకం గురించి

పేపర్ ఫిల్టర్‌లో జనం చేసే పెద్ద తప్పు ప్రతి సర్వీసింగ్‌కూ గట్టిగా గాలి కొట్టించడం. పంక్చర్ షాపు కంప్రెసర్ ఒత్తిడికి పేపర్ పోగులు విచ్చుకొని రంధ్రాలు పెద్దవవుతాయి, బయటికి ఏమీ కనబడదు. పైగా పేపర్ మీద పట్టిన పలుచటి దుమ్ము పొర కూడా ఫిల్టర్‌లా పనిచేస్తుంది, కొత్తదాని కంటే కొంచెం వాడిన పేపర్ ఫిల్టరే సన్న దుమ్మును బాగా ఆపుతుంది. కాబట్టి దులిపితే మెల్లగా దులపండి, మార్చాల్సి వస్తే మార్చండి. మాన్యువల్లో దుమ్ము రోడ్లకు వేరే లెక్క రాసి ఉంటుంది, మనకు వర్తించేది ఆ లెక్కే. తడిస్తే మాత్రం ఆరబెట్టి మళ్లీ వేయొద్దు. 2023 జులై చివర మోరంచపల్లి మునిగిన వరదల్లాంటివి వచ్చినప్పుడు నీళ్లలోంచి బండి నడిపి ఉంటే, ఇంకేమీ చూడకముందే ఈ డబ్బా విప్పి చూడాలి.

పొడి సింథటిక్ ఫిల్టర్ అని ఒక రకం ఉంది. ఏఈఎం డ్రైఫ్లో, ఏఎఫ్ఈ ప్రో డ్రై ఎస్ లాంటివి. నూనె అక్కర్లేదు, కడిగి వాడొచ్చు. కడిగే ఫిల్టరే కావాలి, బండికి మాఫ్ ఉంది అనేవాళ్లకు నా సలహా ఇదే. నూనె భయం పూర్తిగా పోతుంది. కాకపోతే మన మోడళ్లన్నిటికీ దొరకదు, తెప్పించుకోవాలి, దుమ్ము ఆపే శక్తిలో మంచి పేపర్‌కు సమానమని గుడ్డిగా అనుకోకుండా కంపెనీ ఇచ్చిన ఐఎస్ఓ 5011 అంకె అడగాలి.

ఫోమ్ ఫిల్టర్లకూ చాలావాటికి నూనె కావాలి, కాబట్టి పైన చెప్పినవన్నీ వాటికీ వర్తిస్తాయి.

డబ్బా మొత్తం తీసేసి గొట్టానికి బిగించే కోన్ ఫిల్టర్ మాత్రం ఈ ప్రాంతంలో ఎవరికీ వద్దంటాను. బానెట్ కింద వేడి గాలి పీలుస్తుంది, వానాకాలం నీళ్లకు దగ్గరగా ఉంటుంది. అంతకంటే ముఖ్యం, మాఫ్ సెన్సార్ లెక్క కంపెనీ ఇచ్చిన పైపు వెడల్పు మీద కట్టింది. వేరే వెడల్పు పైపులో దాన్ని బిగిస్తే శుభ్రంగా ఉన్న సెన్సార్ కూడా తప్పు చెప్తుంది. అలా వచ్చిన చెక్ ఇంజన్ లైటును నూనె మీదికి నెట్టడం చాలా చోట్ల జరుగుతోంది.

పికప్, మైలేజీ, డబ్బు

మైలేజీ మాట నమ్మొద్దు. అమెరికా ప్రభుత్వ ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2009లో పరీక్షించి చూసింది. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీ పెద్దగా మారలేదు, పికప్ మాత్రం తగ్గింది. మూసుకుపోయిన ఫిల్టర్ తీస్తేనే మైలేజీ పెరగనప్పుడు, బాగున్న పేపర్ తీసి కాటన్ వేస్తే ఎక్కడి నుంచి పెరుగుతుంది? పికప్ సంగతికొస్తే, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఇంజన్‌ను చివరిదాకా తిప్పినప్పుడు కొంచెం తేడా ఉండొచ్చు. వరంగల్ చౌరస్తా ట్రాఫిక్‌లో ఉండదు. శబ్దం కొంచెం గంభీరంగా మారుతుంది, చాలామందికి పికప్ పెరిగినట్టు అనిపించేది అందుకే.

డబ్బు లెక్క మీరే వేసుకోండి. మీ బండికి పేపర్ ఫిల్టర్ 400 రూపాయలు, ఏడాదికొకటి అనుకుందాం. పదేళ్లకు 4,000. కడిగే ఫిల్టర్ 5,000, కడిగే కిట్ 1,500 అనుకుంటే పదేళ్లు వాడినా మిగిలింది లేదు. మధ్యలో మాఫ్ సెన్సార్ ఒక్కసారి మార్చాల్సి వస్తే ఆ వేలు అదనం. మీ బండి అసలు రేట్లతో ఈ లెక్క కట్టి చూశాకే షాపుకు పోండి.

వారంటీ గురించి ఒక హెచ్చరిక. నూనె ఫిల్టర్ వేస్తే వారంటీ పోదని నెట్‌లో ధీమాగా రాసేవాళ్లు చెప్పేది అమెరికాలో 1975లో వచ్చిన వారంటీ చట్టం గురించి. అది మనకు వర్తించదు. మన వారంటీ పుస్తకాల్లో సాధారణంగా బయటి పార్టుల వల్ల వచ్చిన నష్టానికి బాధ్యత లేదని రాసి ఉంటుంది. ఆ పేజీ చదవండి, వారంటీ ఉన్నన్నాళ్లు కంపెనీ ఫిల్టరే ఉంచండి.

ఎవరికి ఏది అంటారా? భూపాలపల్లి, మంథని, గోదావరిఖని వైపు బొలెరో, స్కార్పియో లాంటి డీజిల్ బండి నడిపేవాళ్లు పేపర్ తప్ప ఇంకోటి తలపెట్టొద్దు, మాన్యువల్ చెప్పినదానికంటే తొందరగా తెరిచి చూడండి. కాజీపేట నుంచి హైదరాబాద్‌కు 163 నంబర్ హైవే మీదే ఎక్కువ తిరిగే మాఫ్ ఉన్న కారుకు పేపర్, లేదా దొరికితే పొడి సింథటిక్. మ్యాప్ సెన్సార్ పెట్రోల్ కారు, ఊళ్లో తార్ రోడ్ల మీదే వాడకం, బండి పని సొంత చేత్తో ఇష్టంగా చేసుకునే అలవాటు ఉంటే నూనె కాటన్ వేసుకోండి, నాకు అభ్యంతరం లేదు.

ఇప్పటికే వేసి ఉంటే

తీసేయాలని తొందరపడొద్దు. కడిగేటప్పుడు కంపెనీ క్లీనరే వాడండి. పెట్రోల్, కిరోసిన్, బట్టల సబ్బు, కంప్రెసర్ గాలి, హెయిర్ డ్రయర్ ఏవీ వద్దు. లోపలి వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్లు పోసి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. మడతల వెంట కంపెనీ నూనె పలుచగా ఒక్కో గీత పట్టించి, ఇరవై నిమిషాలు ఆగి, తెల్లగా మిగిలిన చోట మాత్రమే ఇంకొంచెం వేయాలి. నూనెకు రంగు వేసింది అందుకే. రాత్రంతా పాత పేపర్ మీద పెట్టి ఉంచితే ఎక్కువైన నూనె కిందికి దిగుతుంది. పేపర్ మీద మచ్చలు పడుతున్నంతసేపు దాన్ని బండిలో పెట్టొద్దు.

సెన్సార్ మురికి పట్టిందని అనుమానమొస్తే ముందే కొత్తది కొనొద్దు. ఇగ్నిషన్ ఆపి, ఇంజన్ చల్లారాక ప్లగ్గు పీకి, స్క్రూలు విప్పి తీయండి. మాఫ్ సెన్సార్ క్లీనర్ అని ప్రత్యేకంగా స్ప్రే డబ్బా దొరుకుతుంది, అదే వాడాలి. షెడ్డులో చేతికి దొరికిన కార్బొరేటర్ క్లీనర్ కొట్టనివ్వొద్దు, అది ప్లాస్టిక్‌ను, పొరను తినేయొచ్చు. దూది పుల్లతోనో గుడ్డతోనో తుడిస్తే పొర తెగుతుంది. దూరం నుంచి పది పదిహేను సార్లు స్ప్రే కొట్టి, పూర్తిగా ఆరాకే బిగించాలి.

బిగించాక స్కానర్‌తో కోడ్ చెరిపేసి, పెట్రోల్ బండిలో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచి, తగ్గించి సరిచేస్తోందో చెప్పే అంకె) చూడండి. అది సున్నాకు అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే బాగున్నట్టే. కొన్ని రోజులు నడిపాక కూడా ఇరవై దగ్గరే ఉంటే సెన్సార్ అమాయకురాలు కావొచ్చు, పైపుల్లో ఎక్కడో గాలి లీకు ఉందేమో పొగ పెట్టి చూడమనండి. డీజిల్‌కు ఈ ట్రిమ్ అంకె ఉండదు. అందుకని బండి బాగున్నప్పుడే ఒకసారి స్కానర్ పెట్టించి, ఐడిల్‌లో ఎంత గాలి చూపిస్తోంది, గట్టిగా తొక్కినప్పుడు ఎంత చూపిస్తోంది అన్నది సర్వీస్ పుస్తకంలో రాసి పెట్టుకోండి. రేపు బండి లాగకపోతే మెకానిక్ దగ్గర పోల్చుకోవడానికి ఆ రెండు అంకెలు ఉంటాయి.